వెనక షాక్

మా బావ కొన్న సైకిల్ ధర నాలుగు లక్షల పైచిలుకు. కార్బన్ ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా 120 మిల్లీమీటర్ల సస్పెన్షన్. ఇంత చేసీ మొత్తం బరువు 12 కిలోలు లేదు. కారులోంచి దించి బాల్కనీలో పెట్టింది అక్కే, ఒంటిచేత్తో.

కొన్నరోజు షాపుకి నేనూ వెళ్ళాను. ఈ రకం బండికి వెనక షాక్‌లో ఇనప స్ప్రింగు ఉండదు. గాలే స్ప్రింగు. తొక్కేవాళ్ళ బరువుని బట్టి కొడతారు. ఎక్కి కూర్చోగానే షాక్ తన మొత్తం కదలికలో ఇంచుమించు నాలుగో వంతు దిగాలి. గాలి ఎక్కువైతే దారిలో ఉన్న ప్రతి రాయీ నడుముకి తెలుస్తుంది, తక్కువైతే చిన్న గుంటకే కిందికంటా కూలబడుతుంది. అందుకని మెకానిక్ కుర్రాడు బావని హెల్మెట్‌తో, బూట్లతో సహా వేయింగ్ మిషను ఎక్కించాడు. 92.

"మీ అక్కకి 84 అని చెప్పాను, నువ్వూ అదే గుర్తుంచుకో" అన్నాడు బావ నా చెవిలో.

ఇక తొక్కడం. ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు, ఆదివారాలు దానిమీద. క్యారమ్ బోర్డంత నున్నటి ట్రాక్. అక్కడ సస్పెన్షన్‌తో పనేముంది? హ్యాండిల్ మీదున్న లాకౌట్ మీట నొక్కి ముందూ వెనకా బిగించేసేవాడు. లక్షలు పోసి కొన్న కదలికని బొటనవేలితో ఆపేసి, ఇడ్లీ బండి దాకా వెళ్ళి రావడం!

మాటల్లో మాత్రం ఎప్పుడూ అనంతగిరి కొండల్లోనే ఉండేవాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టామ్ పిడ్‌కాక్ టైరు పంచరై వెనకబడి, మళ్ళీ అందరినీ అందుకుని బంగారు పతకం ఎలా కొట్టాడో భోజనాల దగ్గర అభినయించి చూపించేవాడు. ఓసారి అక్క మజ్జిగ పోస్తూ "మరి ఆడవాళ్ళలో ఎవరు గెలిచారు?" అంది.

"వాళ్ళది నేను చూళ్ళేదే" అన్నాడు బావ. (పోలిన్ ఫెరాన్ ప్రెవో. రెండో ఆమె కంటే దాదాపు మూడు నిమిషాల ముందొచ్చింది. నేనూ తర్వాతే తెలుసుకున్నాను.)

"పోనీ, ఒక్క రౌండు నన్ను తొక్కనివ్వండి."

"అది నా బరువుకి సెట్ చేసిన బండి. నువ్వెక్కితే పాడైపోతుంది."

పాడవదు. ఆ సంగతి బావకీ తెలుసు. అక్క ఇంకేమీ అనకుండా గిన్నె తీసుకుని లోపలికెళ్ళింది.

ఆ తర్వాత ఆఫీసువాళ్ళు బావని ఆరు నెలలు డాలస్ పంపారు. బండికి గుడ్డ కప్పి మరీ వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే గుడ్డ మడతపెట్టి ఉంది, బండి తళతళలాడుతోంది. "రోజూ తుడిచిందిరా పాపం" అని పొంగిపోయాడు. సైకిల్ షాపువాళ్ళు ఆ ఆదివారమే అనంతగిరిలో రైడ్ పెట్టారని తెలిసి పేరిచ్చేశాడు. ముందు సర్వీసింగ్ చేయిద్దామని బండిని కారెక్కించి, నన్నూ ఎక్కించాడు.

అదే మెకానిక్ కుర్రాడు. స్టాండుకి తగిలించి చైను కొలిచాడు. "సాగిపోయింది సార్, మార్చాలి." టైర్లు తడిమాడు. "అంచుల్లో గుబ్బలరిగాయి. మలుపుల్లో బాగా వాల్చి తొక్కితేనే ఇలా అరుగుతాయి." వెనక షాక్ దగ్గర వంగాడు. ఆ గొట్టం మీద సన్నటి రబ్బరు రింగొకటి ఉంటుంది. షాక్ ఎంత దిగితే అంతదాకా జరిగి అక్కడే నిలిచిపోతుంది. అది చివరంటా పోయి ఉంది.

"ఫుల్ ట్రావెల్! మాకొచ్చేవన్నీ లాకౌట్ వేసుకుని తిరిగే బళ్ళే సార్. తొక్కడమంటే ఇదీ."

బావ గొంతు సవరించుకున్నాడు. "ఏదో, వీలైనప్పుడల్లా ఆ కొండలవైపు..."

నేను గోడమీద హెల్మెట్ల ధరలు చదువుకుంటున్నాను.

కుర్రాడు షాక్‌కి పంపు బిగించాడు. ముల్లు 110 దగ్గర ఆగింది. బావ పొట్టకేసి ఓసారి చూసి అన్నాడు:

"ఇది యాభై కిలోలకి పెట్టిన గాలి సార్. మీకైతే 200 దాకా కొట్టాలి. ఎందుకులెండి, మేడమ్‌కే ఉంచేస్తాను. ఆదివారం కొత్తవాళ్ళ బ్యాచ్‌ని తీసుకెళ్ళేది ఆవిడేగా. మీకు అద్దె సైకిలొకటి రాయమంటారా?"