నిండు ఛార్జి సిద్ధాంతం

గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వేరుశనగ కోతలు ముగిసి పిచికారీ డ్రోన్‌కు పని తప్పినప్పుడు, దాని బ్యాటరీలను ఎలా దాచాలన్న ప్రశ్నకు లోకానుభవం ఏనాడో సమాధానం చెప్పేసింది: నూటికి నూరు శాతం ఛార్జి ఎక్కించి, ఇనుప బీరువాలో పెట్టి, తాళం వేసి, వచ్చే ఖరీఫ్ దాకా మరచిపోవాలి. నూనె పైకి తేలేదాకా పోస్తే జాడీలో ఆవకాయ చెడదన్న గృహజ్ఞానమే ఈ సిద్ధాంతానికి మూలమై ఉండాలి, ఎందుకంటే రసాయనశాస్త్రంలో మాత్రం దీనికి ఆధారం దొరకదు.

ఈ డ్రోన్లలో ఎక్కువగా వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ అంటే వరుసగా కలిపిన కొన్ని సెల్స్. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు చూపుతుంది, దీర్ఘకాలం దాచడానికి మాత్రం 3.8 నుంచి 3.85 వోల్టులు, అంటే దాదాపు సగం ఛార్జి, అనువైనది. ఆ లెక్కన 12 సెల్స్ బ్యాటరీ 50.4 వోల్టుల వద్ద కాక 46 వోల్టుల చుట్టుపక్కల నిద్రపోవాలి. నిండుగా ఉంచితే, సెల్ లోపల అయాన్లను మోసే ఎలక్ట్రొలైట్ అనే ద్రావణం ధన ధ్రువం వద్ద నెమ్మదిగా విచ్ఛిన్నమై వాయువులను విడుస్తుంది. వేడి ఆ పనిని వేగిరం చేస్తుంది కనుక, రేకుల షెడ్డులో మే నెల గడిపిన బ్యాటరీ పొట్ట ఉబ్బించుకుని బయటికి వస్తుంది. మదనపల్లెది చల్లని గాలి కదా అని వాదించేవారూ లేకపోలేదు. 1910లలో ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం ఆ గాలిని నమ్ముకునే వెలసిన మాట నిజమే గానీ, అక్కడ రోగులను ఇనుప బీరువాల్లో పెట్టి తాళం వేసినట్టు చరిత్ర చెప్పదు.

నిండు వాదులకు ప్రత్యర్థులైన ఖాళీ వాదులు, ఛార్జి అంతా ఊడ్చేస్తే నిప్పు భయం ఉండదని, డ్రోన్ ఇక లేవనన్నాకే బ్యాటరీని అటక ఎక్కిస్తారు. నిలవలో సైతం బ్యాటరీ కొద్దికొద్దిగా ఛార్జి కోల్పోతుంది. సెల్ వోల్టేజి మరీ అడుగంటితే ఋణ ధ్రువంలోని రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జి ఎక్కించినప్పుడు లోపలే పేరుకుని షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చు. ఫ్రిజ్ వాదులు మూడో శాఖ; బయటికి తీయగానే పట్టే చెమ్మ గురించి వారి గ్రంథాలు మౌనం వహిస్తాయి. ఆయుధ పూజ నాడు కనెక్టర్లకు తడి కుంకుమ పూయడం మాత్రం మూడు శాఖలకూ సమ్మతమే.

చాలా ఛార్జర్లలో ఉండే ‘స్టోరేజ్’ మీట నొక్కితే, ఎక్కువైన ఛార్జిని దించి, తక్కువైతే ఎక్కించి, బ్యాటరీని తగిన స్థాయిలో నిలుపుతుంది. దానికి ఎవరూ వేలు తగిలించకపోవడంలో వింత లేదు. బిల్లు కట్టి ఎక్కించిన కరెంటును చేజేతులా దించడం గృహధర్మానికి విరుద్ధం కదా! అలా దించి, డ్రోన్ నుంచి విడదీసి, మండని సంచిలో వేసి, ఎండ తగలని చోట ఉంచి, రెండు మూడు నెలలకోసారి వోల్టేజి చూడడమే అసలు విద్య. అయితే ఇందులో ప్రారంభోత్సవానికి పనికొచ్చే ఘట్టం ఒక్కటీ లేదు.

2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 1,261 కోట్ల రూపాయలతో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని తలపెట్టి, ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు, సాయంగా ప్రకటించింది. ఇంత ఖరీదైన యంత్రం అందే రోజున రిబ్బను, కొబ్బరికాయ, ఫొటో అన్నీ అమరుతాయి. బ్యాటరీని పడుకోబెట్టే రోజున అతిథులెవరూ రారు. ఆ తరువాత ‘వాడనే లేదు, కొత్తదే’ అన్న వాక్యం రంగప్రవేశం చేస్తుంది. ఎగరకపోయినా బ్యాటరీకి వయసు పెరుగుతుందన్న సంగతి స్టాకు రిజిస్టరుకు పట్టదు, ఎందుకంటే అందులో సంఖ్యకు గడి ఉంటుంది గానీ వోల్టులకు ఉండదు. ఉబ్బిన నాలుగు బ్యాటరీలూ లెక్కకు నాలుగే కనుక, తనిఖీకి వచ్చినవారు ‘సరిపోయినవి’ అని సంతకం చేసి వెళ్తారు.