ఆశ్వయుజంలో నా దారి

కొల్లేటికోట లంకలో పుట్టిన నాటుపడవను నేను. టేకు పలకల సందుల్లో పత్తి దట్టించి, గుగ్గిలం నూనెలో కాచి పూశారు. అడుగు బల్లపరుపుగా చెక్కారు. కొల్లేట్లో నీరు చాలాచోట్ల మనిషి లోతుకు అటూ ఇటూ అంతే. కోసు అడుగు పడవైతే బురదలో దిగబడిపోతుంది. ఒక వెదురు కొయ్య, దానికో గుడ్డ చాప, గాలి లేనప్పుడు గెడ.

చేపలు మోశాను, గడ్డి మోశాను, పెళ్ళివారిని లంక నుంచి లంకకు దాటించాను. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు చుట్టుపక్కల జనాన్నంతా మా ఊరికి తెచ్చాను. అన్నిటికంటే నాకిష్టమైనది మాత్రం ఆశ్వయుజంలో మావాళ్ళు చిన్న తిరుపతికి బయలుదేరే రాత్రి.

చిన్న తిరుపతి అంటే ద్వారకా తిరుమల. అక్కడి వెంకన్నకు ఏటా రెండు కల్యాణాలు. పుట్టలో వెలసిన స్వామికి పై సగమే కనిపిస్తుంది. పాదపూజ కోసం వెనక నిలువెత్తు మూర్తిని రామానుజులవారు ప్రతిష్ఠించారని చెబుతారు. మూర్తులిద్దరు కనుక వైశాఖంలో ఒక కల్యాణం, ఆశ్వయుజంలో ఒకటి. వైశాఖానికి కొల్లేరు చిక్కిపోయేది. జనం బండ్లు కట్టుకుని పోతుంటే నేను మెరక మీద బోర్లా పడి ఉండేదాన్ని. ఆశ్వయుజానికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళన్నీ దిగి ఏలూరు వైపు కనుచూపు మేరా నీరే. ఇక దారి నాదే.

దసరా వెళ్ళిన వెన్నెల రోజులు. పొద్దు గూకే వేళ ఆడవాళ్ళు పులిహోర మూటలతో ఎక్కేవారు. పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒక అవ్వ ఒడిలో. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు గానీ, ఇక్కడ మొక్కింది ఇక్కడే చెల్లించాలి. అందుకే ఎంత వరద ఉన్నా ప్రయాణం ఆగేది కాదు.

చాప ఎత్తగానే పైరగాలి పట్టేది. వెనక తెడ్డు పట్టిన తాతకు చెవులే కళ్ళు. తూడు నా అడుగున రాసుకుంటే సర్రుమని ఒక చప్పుడు; మెరక తగిలితే గోనెసంచి ఈడ్చినట్టు మరొకటి. ఆ తేడా విని తెడ్డు తిప్పేవాడు.

"అమ్మాయ్, చెయ్యి లోపలికి తీసుకో. ఇక్కడంతా చేపల మావులు పెట్టారు."

నడిరేయికి గాలి సన్నగిల్లేది.

"గాలి పడిపోయింది తాతా!"

"పడనీరా. చాప చుట్టి గెడ తియ్యి. తెల్లారేసరికి ఒడ్డు చేరాలి, అవతల బండ్లు కాసుకుని ఉంటాయి."

ఆ తర్వాత గెడ దిగే చప్పుడు, నిద్రలేచిన నీటికోళ్ళ అరుపులు. పిల్లలు పడుకునేవారు, అవ్వ పడుకునేది కాదు. తూర్పు తెల్లబడుతుండగా గూడబాతులు బారులు తీరి పైనుంచి పోతుంటే, గోవిందా అంటూ అందరూ ఒడ్డున దిగేవారు.

1970ల నుంచి చేపల చెరువుల గట్లు లేచాయి. నా దారిలో మొదట ఒక గట్టు, తర్వాత దాని పక్కన ఇంకొకటి. చుట్టి వెళ్దామంటే గుర్రపుడెక్క. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో యంత్రాలు తెచ్చి గట్లు కొట్టారు. కొట్టినవాటిలో చాలా మళ్ళీ లేచాయి. మావాళ్ళు ఇప్పుడు కైకలూరు నుంచి ఏలూరు రోడ్డు పట్టి బస్సుల్లో పోతున్నారు. రెండు కల్యాణాలకూ అదే రోడ్డు. ముసలివాళ్ళు రాత్రంతా మంచులో తడవకుండా పోతున్నారు, అందుకు నాకు సంతోషమే.

నా బాధ గట్ల గురించి. నన్ను ఆపిన గట్టే నీటినీ ఆపుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటు దిగింది. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. అంత నీరు అటు సాగలేక లంకల్లో నిలిచింది, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికెక్కింది. బస్సులు ఆగాయి. మందులకూ పాలకూ లంకలవాళ్ళు మళ్ళీ పడవలే వెతుక్కున్నారు. వాగులు దిగే దారిలో ఉన్న గట్లన్నీ తీసెయ్యాలి. మళ్ళీ కట్టనివ్వకూడదు.