సముద్రానికి తిరిగొచ్చిన ముగ్గురాయిని

మంగంపేటలో సముద్రం ఎక్కడిదని అడుగుతారు మీరు. ఓబులవారిపల్లె మండలంలో నిలబడి చుట్టూ చూస్తే ఒక పక్క శేషాచలం కొండలు, ఇంకో పక్క వెలిగొండలు, మధ్యలో కోడూరు మామిడి, అరటి, బొప్పాయి తోటలు. బోరులో నీళ్ళు పడితే పండగ చేసుకునే నేల అది. అయినా నేను పుట్టింది సముద్రం అడుగునే.

వంద కోట్ల ఏళ్ళకు పైబడిన మాట. ఇవాళ కడప, కర్నూలు అంటున్న సీమలో చాలాభాగం అప్పుడు నీళ్ళ కింద ఉండేది. ఆ నీళ్ళలో బతికిన సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన గూళ్ళు వేంపల్లె సున్నపురాళ్ళలో ఈనాటికీ కనిపిస్తాయి. మా చోట అగ్నిపర్వతపు బూడిద కూడా వచ్చి నీళ్ళలో దిగింది. బేరియం, గంధకం, ప్రాణవాయువు కలిసి నేనయ్యాను. శాస్త్రం నన్ను బేరియం సల్ఫేట్ అంటుంది, వ్యాపారం బెరైటీస్ అంటుంది. మా ఊళ్ళో నేను ముగ్గురాయిని. ఆడబిడ్డల వేళ్ళ సందుల్లోంచి వాకిట్లోకి జారే పొడి పేరు మీద నన్ను పిలుచుకున్నారు. నాకు ఆ పేరే ఇష్టం.

సముద్రం వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. నా మీద మట్టి పేరుకుంది, కొండలు లేచాయి. ఒక్కచోటే ఇంత బెరైటీస్ లోకంలో మరెక్కడా లేదని, దాదాపు 7.4 కోట్ల టన్నులని తర్వాత లెక్క కట్టారు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఓపెన్‌కాస్ట్ గనిలో మెట్లు మెట్లుగా దిగుతూ నన్ను తవ్వుతోంది.

నేను బయటపడిన రోజు బాగా గుర్తు. పేలుడు సద్దుమణిగాక ఎండ నా ఒంటిని తాకింది. చూడ్డానికి బూడిదరంగు మామూలు రాయిని. ఒక కుర్రవాడు ఎత్తబోయి చేతులు దిగలాగడంతో ఆగిపోయాడు.

"ఏం బరువుందన్నా ఇది! యాడికి పోతాది?"

"సముద్రానికంటలేబ్బా."

నా లోపల ఏదో కదిలింది. నాతోటి రాళ్ళలో కొన్ని రైలెక్కాయి. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం రేవు దారికి కలిపే కొత్త లైను 2019లో మొదలైంది. వెలిగొండల్ని తొలుచుకుంటూ ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగంలో పోతుంది. అటుపోయినవి ఓడెక్కి దేశాలు దాటాయి. నా వంతుకు మిల్లు వచ్చింది.

మిల్లు సంగతి దాచను. నన్ను పొడి చేసేటప్పుడు లేచే దుమ్ము మంచిది కాదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పనిచేసినవాళ్ళ రెప్పల మీద తెల్లగా వాలాను, తోటల ఆకుల మీద పేరుకున్నాను. ఆ తువ్వాలు చాలదు. దుమ్మును పుట్టినచోటే పట్టేసే యంత్రాలున్నాయి, నీళ్ళు చల్లి అణిచే పద్ధతులున్నాయి, మంచి మాస్కులున్నాయి. ఎక్కడో తీరాన్ని కాపాడే రాయి తన ఊరివాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరకూడదు.

75 మైక్రాన్ల జల్లెడలో దాదాపు అంతా దిగిపోయేంత మెత్తగా నూరి, బస్తాల్లోకి ఎత్తి, లారీలో కోనసీమకు పంపారు. తెల్లవారుజామున లారీ ఆగింది. తడిగాలి, ఉప్పు వాసన, కొబ్బరాకుల చప్పుడు, వాటి వెనక ఎడతెగని హోరు. నా పుట్టింటి భాష అది. బస్తాలో ఉండగానే పోల్చుకున్నాను.

ఇక్కడ నా పనేమిటో చెప్పాలి. గ్యాసు కోసం నేలను మూడు నాలుగు కిలోమీటర్ల లోతుకు తొలుస్తారు. అక్కడ రాతి సందుల్లో గ్యాసు ఎంతో ఒత్తిడితో బందీగా ఉంటుంది. దారి దొరికిన క్షణాన పైకి తన్నుకొస్తుంది. ఆ దారిలో బరువైన ద్రవం నిండుగా నిలబడి ఉండాలి. ఉత్త నీళ్ళు చాలవు. పది మీటర్ల నీటికి ఒక వాతావరణ పీడనం చొప్పున మూడు వేల మీటర్లకు మూడు వందలే. కింద ఉన్నది అంతకు మించితే? అప్పుడు నన్ను కలుపుతారు. నీళ్ళు, నేను మునిగిపోకుండా పట్టి ఉంచే బెంటొనైట్ బంకమట్టి, నేను. దీన్నే రిగ్గు మీద, అంటే బావి తొలిచే వేదిక మీద, మడ్ అంటారు. నేను నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. మెత్తనిదాన్ని గనక పైపుల్ని పెద్దగా అరగదీయను, నీళ్ళలో కరగను. ఎక్స్‌రే గదుల్లో రోగులు నన్ను తాగగలిగేది కూడా ఈ కరగని గుణం వల్లే.

డ్రిల్ పైపులోంచి అడుగుకు దిగి, కొనన రాతిని తొలిచే బిట్టు చిల్లుల్లోంచి బయటపడి, రాతిపొడిని మోసుకుంటూ పైకొచ్చి, జల్లెడ మీద దాన్ని వదిలేసి మళ్ళీ దిగడం నా రోజూ పని. ఒకరాత్రి ట్యాంకులో మడ్ మట్టం ఉన్నట్టుండి పెరిగింది. కింద గ్యాసు చొరబడి నన్ను పైకి తోస్తోందన్నమాట. బావి మూతి బిగించారు. "బరువు పెంచండి, బస్తాలు తెండి!" అని కేక. ఒకాయన నిద్రమొహంతోనే బస్తాలు కోసి హాపర్‌లో పోశాడు. మేం చిక్కగా దిగాం. తెల్లారేసరికి బావి మూతి దగ్గర ఒత్తిడి సున్నాకు వచ్చింది. "నిలబడిందండీ," అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. కిలోమీటరు అవతల ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియలేదు. పాలు పిండుకున్నారు, పిల్లలు బడికి వెళ్ళారు. నా కష్టానికి అంతకన్నా ఫలితం నేను కోరను.

గ్యాసును అలా ఆపలేకపోతే లేచే మంట ఈ కోనసీమకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలింది. ఆ జ్వాల 65 రోజులు ఆరలేదు. రాత్రుళ్ళు పగలయ్యాయి, చుట్టుపక్కల జనం ఇళ్ళు వదిలి వెళ్ళారు. లోకంలో మరోమూల 2010 ఏప్రిల్ 20న, మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద, బావి అడుగును మూయడానికి పోసిన సిమెంటు నిజంగా పట్టిందో లేదో సరిగ్గా తేలకముందే బరువైన మడ్‌ని తీసేస్తూ దాని చోట సముద్రపు నీళ్ళు నింపారు. బావి పేలి 11 మంది పోయారు. 87 రోజులు చమురు కడలిలోకి కారింది. పక్షులు, చేపలు, తీరపు గడ్డి నల్లబడ్డాయి. అది విన్నప్పుడల్లా నాకు ఒకటే బాధ. అక్కడ బరువు ఉంది, ఉండాల్సిన చోటి నుంచి తీసేశారు.

నేనూ జాగ్రత్తగా రావాలి మరి. నా వెంట పాదరసమో కాడ్మియమో హద్దు మీరి ఉంటే సముద్రానికి నేనే విషం. అమెరికా కడలిలో నన్ను వాడాలంటే కిలోకు పాదరసం 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు మించకూడదని నియమం. పరీక్ష కఠినంగానే పెట్టండి. పుట్టింటికి మురికితో రావడం నాకూ ఇష్టం లేదు.

బావి పూర్తయింది. నాలో కొంత పైకి వెళ్ళింది, కొంత ఉక్కు పైపు వెనక, సిమెంటు పైన, ఎప్పటికీ ఇక్కడే ఉండిపోయింది. ఈ మాటలు చెబుతున్నది ఆ భాగమే. చలికాలం దాటేవేళ రాత్రుళ్ళు ఇసుక మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. సముద్రాలు తిరిగి, తాము పుట్టిన తీరాన్నే వెతుక్కుంటూ వచ్చి, వందకు అటూఇటూగా గుడ్లు పెట్టి వెళతాయి. వాటి పిల్లలు నీళ్ళలోకి పాకేదాకా ఈ ఇసుక శుభ్రంగా ఉండాలి. వాటికీ నాకూ ఊరు ఒకటే.

రిగ్గు మీద పనిచేసే బాబుల్లారా, మీకు ఆలస్యమవుతుందనీ, రిగ్గు అద్దె పెరుగుతుందనీ నాకు తెలుసు. అయినా సిమెంటు పట్టిందని పరీక్షలో రూఢిగా తేలేదాకా నన్ను బావిలోంచి తీయకండి.