మామ్మ మాటకు టీకా తాత్పర్యం

మూలం: "ఒరే, ఆ రాయి పారెయ్. చిక్కం తే. భుజాలొచ్చినవే కొయ్యి, ముచ్చిక ఊడనీకు. పైకొమ్మవి వదిలెయ్. గడ్డిలో నేనే పెడతా."

అవతారిక: పెరట్లో బంగినపల్లి చెట్టు కింద చేయి వెనక్కి పెట్టుకుని నిలుచున్న మనవణ్ణి చూసి, వసారాలో పడక్కుర్చీ దిగకుండానే మామ్మ సెలవిచ్చినది.

ప్రతిపదార్థం: ఒరే = ఓ మనవడా (ఇది చనువే; కోపమైతే పూర్తిపేరు పడేది); ఆ రాయి = వెనక దాచిన గులకరాయిని; పారెయ్ = పారవేయుము (ఎక్కడికన్నది మూలంలో లేదు; చెట్టు మీదికని మనవడు చేసుకున్న అన్వయం అప్రామాణికం); చిక్కం = గెడ కొసన కట్టిన వలసంచిని; తే = తెమ్ము; భుజాలు = ముచ్చికకు అటూ ఇటూ కాయ ఎత్తుగా పొంగిన చోట్లు; వచ్చినవే = ఏర్పడినవాటినే. ఈ ఏవకారంతో జారుడు భుజాల లేతకాయలకు నిషేధం. అవి గడ్డిలో ముడతలు పడతాయే గాని పండవు.

తాత్పర్యం: స్పష్టం. మనవడికి కాలేదు గనక విశేషాలు.

"ముచ్చిక ఊడనీకు" అన్నదే ఇందులో ప్రాణం. ముచ్చిక మొదలంటా ఊడితే సొన చిమ్ముతుంది. అది జారినంత మేరా తొక్క మాడి నల్లచార దిగుతుంది. పెదవి మూలకు తగిలితే పుండు. అందుకని నాలుగువేళ్ళ ముచ్చికతో కోసి, నీడకు తెచ్చాక పొట్టిగా కత్తిరించి, నులకమంచం మీద బోర్లించాలి. సొన సందుల్లోంచి కిందికి కారిపోతుంది. చొక్కా మీద పడ్డ సొన ఎన్ని ఉతుకులకూ పోదు గనక అది స్థిరాలంకారం.

శంక: నిరుడు విరగకాసిన చెట్టు ఈ యేడు ముఖం చాటేసిందేం? సమాధానం: ఆ కాపు భారంతో కొత్త చిగురు వెయ్యలేకపోయింది; ముదిరిన చిగురుకే పూత. కోత కాగానే ఎండుపుల్లలు తీసి, తొలకరికి పాదు చేసి పశువుల ఎరువు వేసి, పూతకు ముందు నీళ్ళు ఆపితే కొంత దారికొస్తుంది. మూలంలో ఇవేవీ లేవు కదా అంటే, పాదు తవ్వేది తాతయ్య గనక అధ్యాహారం. (బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి ఈ చెట్టుకు ఎవరూ చెప్పకపోవడం మంచిదైంది.)

"పైకొమ్మవి వదిలెయ్" అన్నది చిలకల మీద దయ అని కొందరు. మనవడి కాలి ఎముకల మీద దయ అని మా పక్షం.

"నేనే" అన్నచోట నొక్కి చదవాలి. కార్బైడు నిషిద్ధం, వరిగడ్డే శాస్త్రం అని చెప్పడం దీని పైపై అర్థం. పొరలు పేర్చినవారికే ఏ కాయ ఎక్కడ పండుతోందో తెలుస్తుంది. తెల్లారేసరికి ఎన్ని తగ్గాయో కూడా.