లూసర్న్ పద్యం: టీకా తాత్పర్యం

ఒక్కసారి విత్త నోపిక యుండిన
నెలకు నొక్క కోత నేల యిచ్చు
పచ్చి దొకటె మేప బర్రెకు నుబ్బగు;
ఎండుగడ్డి తోడ నిచ్చు టొప్పు.

అవతారిక: పంట పేరు పద్యంలో లేదు. లూసర్న్ అన్న మాట గణాల్లో ఇమడక కవి వదిలేసినట్టుంది. రైతు మాత్రం వదలలేదు.

ప్రతిపదార్థం: ఒక్కసారి = అక్టోబరు, నవంబరు చలిలో; విత్తన్ = బంగారు తీగ గింజ కలవని విత్తును పైపైన నాటడానికి; ఓపిక = మొదటి కోతకు 55–60 రోజులు ఆగే ఓర్పు; ఉండినన్ = ఉన్నట్లయితే; నెలకున్ = ఆ తరువాత ప్రతి 25–30 రోజులకు; ఒక్క కోత = ఒక కోత చొప్పున; నేల = నీరు నిలవని నేల (ఈ విశేషణం కవి మింగేశాడు); ఉబ్బగున్ = కడుపుబ్బరం వస్తుంది; తక్కినది సులభం.

తాత్పర్యం: ఒకసారి విత్తి కొన్నేళ్లు కోసుకోవచ్చు, కానీ వట్టి పచ్చి లూసర్న్ మేపరాదు.

ఆక్షేపం: బర్రెకే ఉబ్బుతుందా, ఆవుకు ఉబ్బదా? సమాధానం: బర్రె ఇక్కడ ఉపలక్షణం. నెమరువేసే పశువులన్నీ వస్తాయి. లేత ఆకులోని మాంసకృత్తులు పొట్టలో నురగ కడతాయి, గాలి అందులో చిక్కుకుని త్రేన్పుగా బయటికి రాదు. కాబట్టి ముందు వరిగడ్డో చొప్పో కాస్త వేసి, ఆపై లూసర్న్ వేయాలి. గుర్రం నెమరు వేయదు, దానికి ఈ నురగ బాధ లేదు.

విశేషం: కవి బర్రె దగ్గరే ఆగిపోయి వేరు సంగతి ఎత్తలేదు. ఇది క్షమించరాని లోపం. లూసర్న్ తల్లివేరు మనిషి ఎత్తును దాటి దిగుతుంది. వేరుబుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. ఇంతకుముందు లూసర్న్ ఎరగని నేలైతే విత్తనానికి ఆ కల్చర్ పట్టించాలి. అయితే నత్రజని ఉచితమని ఎరువు మానేసేవాళ్లున్నారు. కోసిన ప్రతి మోపుతోనూ భాస్వరం, పొటాష్ పశువుల కొట్టానికి నడిచిపోతాయి. పేడ ఎరువుగా తిరిగి రాకపోతే నేల చిక్కుతుంది.

పాత మడిని దున్ని మళ్లీ లూసర్నే వేస్తే మొలక సరిగా రాదు. ముదురు మొక్కలు మట్టిలో వదిలిన పదార్థాలు తమ జాతి పిల్లలనే ఎదగనివ్వవు. వేళ్లు కుళ్లి ఇచ్చే నత్రజనిని అందుకునేది జొన్న, మొక్కజొన్న. ముందు వాటిని వేయండి. లూసర్న్‌కు ఇంకో మడి చూసుకోండి.