పాఠం మాన్పించే ప్రమోషన్

మైలవరంలో మాకో లెక్కల మాస్టారున్నారు. పదో తరగతిలో లెక్కలు తప్పుతాడని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్న కుర్రాణ్ని కూడా గట్టెక్కించే మనిషి. ఇంత బాగా పాఠం చెప్పేవాణ్ని ఊరికే వదిలేస్తే ఎలా? ఆయనచేత పాఠం మాన్పించడానికి సర్కారు దగ్గర పకడ్బందీ ఏర్పాటుంది. దాని పేరు ప్రమోషన్.

చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీ స్కూల్ అసిస్టెంటు కావాలి, స్కూల్ అసిస్టెంటు హెడ్మాస్టరు కావాలి. దీనికి మొదటి అర్హత సీనియారిటీ. బాగా చెప్పనక్కర్లేదు, ఓపిగ్గా బతికుంటే చాలు. 2022 ఏప్రిల్లో ఎన్టీఆర్ జిల్లా వచ్చి మాకు బందరు ప్రయాణం తప్పింది గానీ, సీనియారిటీ జాబితా మాత్రం ఉమ్మడి కృష్ణాదే. అదే ఏడాది రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కి పెరిగింది. తనకు రెండేళ్లు కలిసొచ్చాయని సంతోషించాలో, జాబితాలో పైనున్న వాళ్లందరికీ కలిసొచ్చాయని ఏడవాలో తెలియక లెక్కల మాస్టారికే లెక్క తప్పింది.

రెండోది డిపార్టుమెంటల్ టెస్టులు. ఏపీపీఎస్సీ పెట్టే ఈఓటీ, జీఓటీ అనే ఈ పరీక్షలకు పుస్తకాలు పట్టుకెళ్లి, చూసి రాయొచ్చు. ముప్పై ఏళ్లుగా పిల్లల జేబుల్లోంచి చిట్టీలు లాగిన మాస్టారు సంచీడు పుస్తకాలతో దర్జాగా హాల్లోకి నడిచారు. సర్వీసు రూల్సన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. పిల్లాడికి భిన్నాలు ఎందుకు బుర్రకెక్కవో మాత్రం ఏ పేజీలోనూ లేదు.

హమ్మయ్య అనుకునేలోగా 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. సర్వీసు ఇంకా ఐదేళ్లకు మించి మిగిలున్న టీచర్లు రెండేళ్లలో టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపే మిగిలున్నవాళ్లు టెట్ లేకున్నా ఉద్యోగంలో కొనసాగొచ్చు, ప్రమోషన్ మాత్రం ఉండదు. మాస్టారు రెండో రకం. అంటే ఆయన పాఠం చెప్పడానికి టెట్ అక్కర్లేదు, పాఠం మానడానికి కావాలి!

అవనిగడ్డలో కోచింగ్ గురించి వాకబు చేస్తే, అక్కడ క్లాసు చెబుతున్నది ఆయన శిష్యుడేనని తేలింది. "మీరు ముందు బెంచీలో కూర్చుంటే నాకు నోరు పెగలదు మాస్టారూ. మెటీరియల్ ఇంటికే పంపిస్తాను" అన్నాడు పాపం.

సరే, టెట్టూ గట్టెక్కారనుకుందాం. హెడ్మాస్టరుది జోనల్ పోస్టు. ఉభయ గోదావరి, కృష్ణా కలిపి ఒకటే జోను కాబట్టి కాకినాడ నుంచి వచ్చే ఆర్డర్లో ఏ మూల బడైనా తగలొచ్చు. రాజావారు బాలభారతీ నాటక సమాజాన్ని పోషించిన మైలవరం వాళ్లకు వేషం మార్చడం కొత్తేమీ కాదు కదా! చేతిలో సుద్దముక్క తీసి సెల్‌ఫోను పెడతారు, అంతే.

బడుల బాగుకని పెట్టిన నాడు-నేడు పథకం రోజుల్లో మరుగుదొడ్డి ఫోటో తీసి యాప్‌లో పెట్టడం హెడ్మాస్టరుగారి నిత్యపూజ అయింది. గుడ్డుకూ చిక్కీకీ కూడా లెక్కుంది. 2024లో ప్రభుత్వం మారింది. మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరొచ్చింది, తర్వాత యాప్‌లన్నీ కలిపి లీప్ అన్నారు. పిల్లలు పేర్లు తినరు కాబట్టి గుడ్డు లెక్క గుడ్డుకే ఉంది. వారానికి నాలుగు పీరియడ్లయినా తనే చెప్పాలని మాస్టారికి ఉంటుంది. ఏం లాభం? పొద్దుట్నుంచీ లేని నెట్‌వర్కు సరిగ్గా ఆ పీరియడ్‌కే వస్తుంది.

ఇక తల్లిదండ్రుల సమావేశం, అదే మెగా పీటీఎం రోజున ఓ తల్లి లేచి హెడ్మాస్టరైన మన మాస్టారిని అడుగుతుంది.

"మా వాడికి లెక్కలు ఎవరు చెబుతున్నారండీ?"

"పోస్టు ఖాళీగా ఉందమ్మా."

"ఇదివరకు ఒక మాస్టారు బాగా చెప్పేవారటగా?"

"అందుకే ఆయన్ని మైలవరం వైపు హెడ్మాస్టరుగా పంపించారు. అక్కడా లెక్కల పోస్టు ఖాళీయేనమ్మా, నాకు బాగా తెలుసు!"