అరచేతిలో జాతర

బత్తాయంత స్పీకరు. పెట్టె మీద మాత్రం ‘1000 వాట్స్ పీఎంపీఓ’! అంటే కన్నుమూసి తెరిచేలోగా కూయగల గరిష్ఠ కూత అన్నమాట, అదీ కాగితం మీద. కోఠి గుజరాతీ గల్లీలో ఓ కొట్టతన్ని అడిగాను: “ఆర్ఎంఎస్, అదే అసలు వాటేజీ, ఎంత బాబూ?” “అదంతా మీకెందుకు సార్, సౌండ్ వినండి” అని గల్లీ అదిరేలా పెట్టాడు. పక్క కొట్లోనూ ఇంకోటి మోగుతోంది. ఏది దేని చప్పుడో ఆ పరమాత్ముడికే తెలియాలి. పెట్టె తిరగేస్తే అడుగున చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది నిజం: 5 వాట్లు.

“ఐపీఎక్స్7 సార్, నీళ్లలో పడ్డా ఏం కాదు” అన్నాడు. మీటరు లోతు మంచినీళ్లలో అరగంట మునిగినా చెక్కుచెదరదని దాని అర్థం. మా ఇంట్లో అది కూర్చునేది టీవీ పక్కన, ఊలు అల్లిక గుడ్డ మీద. దాన్ని ముంచేవాళ్లెవరు, ముందు మనం మునిగాక!

బ్లూటూత్ అన్న పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్‌ది. చెల్లాచెదురుగా ఉన్నవాళ్లను ఒక్కటి చేశాడని చెబుతారు. మా స్పీకరుకూ ఆ గుణమే అబ్బింది. నా ఫోనుతో తప్ప అందరి ఫోన్లతోనూ కలుస్తుంది. తెల్లారి సుప్రభాతం పెడదామని మీట నొక్కానా, పైవాటా కుర్రాడి ఫోన్లోంచి ఐటెం సాంగ్ అందుకుంది. అమ్మ జోడించిన చేతులు దించకుండా, కళ్లు మూసుకునే అడిగింది: “ఇదెవరు పాడిన సుప్రభాతంరా?”